మీ ఊరి దారిలో వాగు ఉందా?

బంగాళాఖాతంలో తుపాను పుట్టిందన్న వార్త రాగానే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో వినిపించే మాట ఒకటే. "అది కోస్తావాళ్ల బాధ. మనకేంది, రెండు రోజులు ముసురు పడ్తది, అంతే." ఈ మాట మేమూ అనుకున్నవాళ్లమే. అది ఎంత పొరపాటో మా అనుభవంతోనే తెలుసుకున్నాం. అందుకే ఈ నెల ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

సముద్రం మనకు దూరమే. కోదాడ నుంచి మచిలీపట్నం 150 కిలోమీటర్ల పైమాటే. అలలు మన దాకా రావు. తీరం దాటాక గాలి జోరు కూడా తగ్గిపోతుంది. కానీ తుపాను మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడో ఒకచోట కురవాలి కదా! 20 సెంటీమీటర్ల వాన అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. లెక్క వేస్తే ఒక్క ఎకరం మీద ఎనిమిది లక్షల లీటర్ల నీళ్లు. ఆ నీళ్లన్నీ చెరువులోకి, చెరువు అలుగు మీదుగా వాగులోకి, వాగు నుంచి మూసీకో పాలేరుకో చేరాలి. ఆ నీళ్లు పోయే దారిలోనే మన రోడ్లు, కల్వర్టులు, రైలు పట్టాలు ఉన్నాయి.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేపల్లె నుంచి మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే డెల్టా ప్యాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. భారీ వానలకు పైనున్న చెరువు తెగి, ఆ వరదకు రైలు వంతెన కొట్టుకుపోయింది. వందమందికి పైగా చనిపోయారు. వాళ్లెవరూ సముద్రం ఒడ్డున లేరు.

2024 సెప్టెంబరు 1 సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆనాడు తీరం దాటింది తుపాను కూడా కాదు, వాయుగుండం. దాటింది ఎక్కడో శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర. కోదాడకు అది 400 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా కోదాడ వీధులు ఏరులయ్యాయి, అక్కడ ఇద్దరి ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పాలేరు పొంగింది. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఊళ్లకు ఊళ్లు దీవులయ్యాయి.

ఆ ముందురోజు, శనివారం, మేము ఒక బాలింతను ఇంటికి పంపాం. కాన్పయి మూడు రోజులైంది. తల్లీబిడ్డా బాగున్నారు. ఇంటికి పోతామని వాళ్లే అడిగారు. మందులు రాసిచ్చాం, ఎప్పుడు రావాలో చెప్పాం, ఆటో ఎక్కించాం. అప్పటికే భారీ వానల హెచ్చరిక ఉంది. మాలో ఒక్కరమూ దాన్ని చూడలేదు. మీ ఊరు ఎక్కడ, దారిలో వాగు ఉందా అని ఒక్కరమూ అడగలేదు. ఆదివారం వాగు పొంగి దారి తెగింది. బిడ్డకు పచ్చకామెర్లు ముదిరి పాలు తాగడం మానేశాడు. మంగళవారం ట్రాక్టరు మీద తీసుకొచ్చారు. బిడ్డ బతికాడు. కానీ ఆ రెండు రోజులు ఆ తల్లి పడ్డ యాతనకు వాన ఎంత కారణమో మా అజాగ్రత్త కూడా అంతే కారణం.

అప్పటినుంచి మా ఆసుపత్రిలో ఒక ప్రశ్న కొత్తగా చేర్చుకున్నాం. జూన్ నుంచి డిసెంబరు దాకా ఎవరిని ఇంటికి పంపుతున్నా, "మీ ఊరి దారిలో వాగు ఉందా?" అని అడిగి కేసు షీటు మీద రాస్తున్నాం. పెద్ద ప్రాంతపు ఆసుపత్రులన్నీ, చిన్న నర్సింగ్ హోములు కూడా, ఈ పని చేయాలని మా అభిప్రాయం. దీనికి యంత్రాలు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఒక కలం చాలు.

కోస్తావాళ్లు ఈ పాఠాన్ని ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమంది దాకా చనిపోయారు. 1990 మే నెలలో మళ్లీ కృష్ణా తీరానికే పెను తుపాను వచ్చింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. గాలి తగ్గినందుకు కాదు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే లేపి సురక్షిత స్థలాలకు చేర్చినందుకు. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చేముందు ఆంధ్ర తీరంలో నెలలు నిండిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు తరలించారు. మరి ఆ తుపానే తీరం దాటాక తెలంగాణలో కుండపోతగా కురిసింది. తీరంలో ఉన్న జాగ్రత్త లోపలి జిల్లాల్లో ఎందుకు ఉండకూడదు?

"హెచ్చరికలు ఎన్నోసార్లు వట్టివే అవుతాయి. కూలి పోగొట్టుకుని, గేదెలను వదిలి ఎట్లా వస్తాం?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఊరంతా కదలాలని మేము అనడం లేదు. కొద్దిమంది గురించే అంటున్నాం. కాన్పుకు రెండు వారాల లోపు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు, ఆయాసంతో ఆక్సిజన్ అవసరమయ్యేవారు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవారు. ఆరెంజ్ హెచ్చరిక వచ్చిందంటే వీళ్లు వాగుకు ఇవతలి ఒడ్డున, బంధువుల ఇంట్లోనో ఆసుపత్రిలోనో ఉండాలి. అలా ముందుజాగ్రత్తగా వచ్చినవారి దగ్గర ఆ రెండు రోజుల మంచం ఖర్చు ఏ ఆసుపత్రీ తీసుకోకూడదు. వాన రాకపోతే నష్టమేముంది? ఒక రాత్రి నిశ్చింతగా నిద్రపోయినట్లే.

మిగిలినవారికి మా మనవి ఇది. పారే నీళ్లను చూసి లోతు అంచనా వేయకండి. మోకాలి లోతు ప్రవాహం మనిషిని పడదోస్తుంది. రెండు అడుగుల నీళ్లు కారును తేల్చి ఈడ్చుకుపోతాయి. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో రాత్రిపూట తెలియదు. "రోజూ పోయే దారే గదా" అన్న ధీమాయే చాలామందిని ముంచింది. బీపీ, షుగరు, మూర్ఛ, టీబీ మందులు వాడేవారు వారం రోజులకు సరిపడా ఇంట్లో ఉంచుకోండి. కరెంటు పోతే ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో, సీసాకు నీళ్లు తగలకుండా, చల్లగా దాచవచ్చు.

వాన వెలిసిందని ఆపద పోయినట్లు కాదు. నీళ్లు కాచి చల్లార్చి తాగండి, లేదా క్లోరిన్ బిళ్లలు వేయండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించండి. చెంచా తలకొట్టి కొలవాలి. వరదకు పాములు ఇళ్లలోకి చేరతాయి. కాటు వేస్తే కోయకండి, గట్టిగా కట్టు కట్టకండి, నాటువైద్యం కోసం కాలం పోగొట్టుకోకండి. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకురండి. బురదలో దిగి పనిచేసినవారికి జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే అది ఎలుక జ్వరం కావచ్చు. మాత్ర వేసుకుని ఊరుకోవద్దు.

చివరగా ఒక మాట. ప్రతి ఊళ్లోనూ ఎత్తు మీద కట్టిన బడో, గుడో, చర్చో, మసీదో ఒకటి ఉంటుంది. తుపాను రాకముందే దాని తాళం ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలిసి ఉండాలి. మా ప్రాంగణంలోని హాలు ఎప్పుడైనా తెరవడానికి సిద్ధంగా ఉంచుతున్నాం.

ఈసారి బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వింటే టీవీ కట్టేసి పడుకోకండి. మీ వీధిలో నెలలు నిండిన ఆడబిడ్డ ఎవరున్నారో గుర్తు చేసుకోండి. వాళ్ల ఇంటి తలుపు తట్టండి. వాగు పొంగేలోపు తట్టిన తలుపే పనికొస్తుంది.