చాటింపు వాడ దాకా వచ్చిందా?

2023లో టెలికం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి దేశంలో పలుచోట్ల ఒక పరీక్ష చేశాయి. సెల్‌ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగాయి. తెర మీద అత్యవసర హెచ్చరిక కనిపించింది. ఇది పరీక్ష మాత్రమేనని అందులోనే రాసి ఉంది. ఒక టవర్ పరిధిలోని ఫోన్లకు, నంబర్లతో పని లేకుండా, ఒకేసారి హెచ్చరిక పంపే ఈ పద్ధతిని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. మంచి పద్ధతే. మనం దాన్ని వద్దనడం లేదు. మన అభ్యంతరం వేరే చోట ఉంది. తుఫాను వచ్చినా, వరద వచ్చినా అధికారుల ప్రకటనల్లో మనం వినేది ఇన్ని లక్షల మెసేజ్‌లు పంపాం అనే మాట. పంపినవాటికి లెక్క ఉంది. అందినవాటికి లెక్క ఏది? ఊరి చివర వాడలో ఎన్ని ఇళ్లు ఆ హెచ్చరిక విన్నాయో ఎవరు రాసి పెడుతున్నారు?

హెచ్చరిక ఎక్కడ ఆగుతోంది?

తుఫాను సమాచారం వాతావరణ శాఖ నుంచి వస్తుంది. నదుల వరద అంచనా కేంద్ర జల సంఘం ఇస్తుంది. అలల ఉధృతి, సునామీ సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చెబుతుంది. ఇవి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు, అక్కడి నుంచి కలెక్టర్‌కు, ఆర్డీవోకు, తహసీల్దారుకు, ఆఖరికి ఊళ్లోని సిబ్బందికి చేరతాయి. రాజధాని నుంచి మండల కార్యాలయం దాకా కబురు నిమిషాల్లో వస్తుంది. తేడా వచ్చేది ఆ తర్వాతే, ఊరికీ వాడకూ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలోనే.

చాలా ఊళ్లలో మైకు పంచాయతీ ఆఫీసు మీదో, రామాలయం దగ్గరో ఉంటుంది. ఆటోకు మైకు కట్టి తిప్పితే మంచి రోడ్డు ఉన్నంత మేరకే తిరుగుతుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో సర్పంచ్, రేషన్ డీలర్, పార్టీల నాయకులు ఉంటారు, వాడ నుంచి ఒకరిద్దరుంటే ఎక్కువ. మరి వాడ ఎక్కడుంటుంది? పల్లంలో, కాలువ గట్టున, చెరువు కింద, ఏటి పోరంబోకులో. నీరు ముందు వచ్చేది అక్కడికి. కబురు చివర వచ్చేదీ అక్కడికే.

ఇందులోని అన్యాయం చరిత్ర తెలిసినవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. తరతరాలుగా ఊరికి ఏ కబురు చెప్పాలన్నా డప్పు పట్టింది మనవాళ్లే. చెరువుకు గండి పడిందన్నా, కలరా వచ్చిందన్నా, శిస్తు కట్టాలన్నా అర్ధరాత్రి టముకు వేసి తిరిగింది వెట్టివాడు, తలారి, మస్కూరి. ఆ పనిని కులం పేరుతో నెత్తిన పెట్టారు, కూలి కూడా సరిగా ఇవ్వలేదు. ఆ వెట్టి పోవాల్సిందే. దాన్ని తిరిగి తెమ్మని మనం అడగం. కానీ ఊరందరినీ నిద్రలేపినవాళ్ల పిల్లలకు ఈరోజు హెచ్చరిక అందకపోవడం ఎంత దారుణం!

తెలంగాణలో 2023లో వీఆర్‌ఏ వ్యవస్థను రద్దు చేసి 20,555 మందిని ఇతర శాఖల్లో సర్దుబాటు చేశారు. పే స్కేల్ కోసం వాళ్లు చేసిన పోరాటం న్యాయమైనది. ఇప్పుడు గ్రామ పాలన అధికారులు వచ్చారు. వాడవాడకూ వెళ్లి హెచ్చరిక చెప్పే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసి ఉందా అన్నదే మన ప్రశ్న.

మోగని సైరన్, అర్థం కాని అంకె

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉన్నా ఎక్కడా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ప్రమాదకర రసాయనాలపై 1989 నిబంధనల ప్రకారం చుట్టుపక్కల ప్రజలకు ముందే సమాచారం ఇవ్వాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో, ఎటు పోవాలో చెప్పాలి. నిబంధన పుస్తకంలో ఉంది. సైరన్ గోడ మీద ఉంది. జనం మాత్రం నిద్రలోనే వాయువు పీల్చారు.

2021 నవంబర్ 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పై ఎత్తున ఉన్న పింఛ ప్రాజెక్టు అంతకుముందే దెబ్బతింది. అంటే ప్రమాదం ఎటు నుంచి వస్తోందో కొన్ని గంటల ముందే తెలుసు. అయినా పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు వంటి ఊళ్లను వరద ముంచేసి పదులమంది ప్రాణాలు తీసింది. ఇలాంటి రాత్రుల్లో ఫోన్ ఎత్తి "లేవండి" అని చెప్పే బంధువు, పరిచయం ఉన్న ఉద్యోగి ఎవరికుంటారు? ఆఫీసులతో పరిచయాలున్న ఇంటికి ఆ ఫోన్ వస్తుంది. లేని ఇంటికి నీరే వస్తుంది.

గోదావరి సంగతి ఇంకో రకం. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ అంకెను టీవీలు పదేపదే చెప్పాయి. అధికారికి ఆ అంకె చాలు. లంకలో కూలి చేసుకునే కుటుంబానికి కావలసింది వేరు: నీరు మా పేటకు ఏ వేళకు వస్తుంది? పడవ ఏ రేవుకు వస్తుంది? గొర్రెలను, గేదెను ఎక్కడికి తోలాలి? మొదటి హెచ్చరికకు ముందే కాజ్‌వే మునిగిపోయే లంకలున్నాయి. వాళ్లకు ఆ హెచ్చరిక వచ్చేసరికే దారి పోయి ఉంటుంది.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ఫోన్‌నే నమ్ముకున్న వ్యవస్థ ప్రతి మనిషి చేతిలోనూ చార్జింగ్ ఉన్న ఫోన్ ఉందని అనుకుంటుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్నవాళ్లు 54 శాతమే. నాట్లకు, కలుపుకు, ఉపాధి పనికి పోయే తల్లుల్లో ఫోన్ ఇంట్లో పిల్లల దగ్గర వదిలి వెళ్లేవాళ్లు ఎందరో. పిడుగు హెచ్చరిక ఇంట్లో ఫోన్‌కు వస్తుంది, పిడుగు పొలంలో పడుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో పిడుగులకు 2,887 మంది బలయ్యారు. ఆ పట్టికలో కులం గడి లేదు. పొలంలో కూలికి నిలబడి చనిపోయినవాళ్లలో మనవాళ్లెందరో ఆ పట్టిక చెప్పదు.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి మహానగరంలోనే కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. నగరంలోనే అంత జరిగితే ఊరి చివర పేట పరిస్థితి ఊహించుకోవచ్చు.

విన్నా కదలరు అనే నింద

"చెప్పినా జనం వినరు" అని అధికారులు తరచూ అంటారు. ఎందుకు కదలరో అడిగారా? పునరావాస కేంద్రం ఊళ్లోని బడిలోనో, కల్యాణ మండపంలోనో పెడతారు. అక్కడ నీళ్ల దగ్గర, అన్నం వరుస దగ్గర ఎదురయ్యే చూపు వాడకు తెలుసు. 2004 సునామీ తర్వాత తమిళనాడు శిబిరాల్లో దళితులపై చూపిన వివక్షను హక్కుల సంఘాలు నమోదు చేశాయి. పోరంబోకులో ఇల్లున్నవాళ్లకు ఇంకో భయం: ఒకసారి ఖాళీ చేస్తే మళ్లీ రానిస్తారా? ఎండల్లో వడగాడ్పుల హెచ్చరిక వస్తుంది, మధ్యాహ్నం బయట తిరగొద్దంటారు. ఆ రోజు కూలి ఎవరిస్తారు? హెచ్చరిక పాటించాలంటే పోవడానికి చోటు, తినడానికి తిండి, గౌరవం కావాలి. అవి లేకుండా చెప్పింది ప్రభుత్వం తన బాధ్యత దులుపుకోవడానికే పనికొస్తుంది.

చట్టంలో ఖాళీ

విపత్తు నిర్వహణ చట్టం 2005లో 61వ సెక్షన్ ఉంది. బాధితులకు పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు లింగం, కులం, వర్గం, వంశం, మతం పేరుతో వివక్ష చూపరాదని అది చెబుతుంది. ఆ మాట కోసం మన ఉద్యమాలు ఎన్నోసార్లు ఆ సెక్షన్‌ను పట్టుకున్నాయి. కానీ దాన్ని మళ్లీ ఒకసారి చదవండి. అది విపత్తు జరిగాక మొదలవుతుంది. బతికి బయటపడ్డవాళ్లకు ఇచ్చే బియ్యంలో, డబ్బులో వివక్ష వద్దంటుంది. బతికించే హెచ్చరికలో వివక్ష గురించి ఆ సెక్షన్ మాట్లాడదు. 30వ సెక్షన్ ముందస్తు హెచ్చరికల ఏర్పాటును జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ బాధ్యతల్లో చేర్చింది. దానికి అధ్యక్షుడు కలెక్టర్. ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదవాలన్నదే మన డిమాండ్. హెచ్చరిక కూడా సహాయమే, దాన్ని వాడకు ఆలస్యం చేయడం కూడా వివక్షే.

ఏం అడగాలి?

ప్రతి వాడకూ, పేటకూ, గూడేనికీ బ్యాటరీతో నడిచే సైరన్, మైకు ఉండాలి. అవి వాడలోనే ఉండాలి, తాళం వాడ మనిషి దగ్గరే ఉండాలి. హెచ్చరిక చెప్పే పనిని జీతం, శిక్షణ ఉన్న ఉద్యోగంగా చేయాలి, అందులో సగం మంది మహిళలు కావాలి. కులవృత్తిగా ఎవరి మీదా రుద్దకూడదు. హెచ్చరిక జారీ చేసిన సమయంతో పాటు వాడకు చేరిన సమయాన్నీ రిజిస్టరులో రాసి, వాడవాళ్ల సంతకం తీసుకోవాలి. దీనికి ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులు మళ్లించొద్దు. ఇది అందరి ప్రాణాలకూ సంబంధించిన మామూలు బాధ్యత, మామూలు బడ్జెట్ నుంచే ఖర్చు పెట్టాలి.

విద్యార్థి మిత్రులు ఈ వానాకాలానికి ముందే ఒక పని చేయవచ్చు. 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు ప్రణాళిక ఉండాలి, ముప్పు పొంచి ఉన్న ప్రాంతాలు అందులో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద ఆ ప్రణాళిక కాపీ అడగండి. మీ మండలంలోని దళితవాడల పేర్లు అందులో ఉన్నాయా, గత వరదలో ఏ వాడకు ఎన్ని గంటలకు ఎవరు వెళ్లి చెప్పారు అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చినా, రాకపోయినా దాన్ని గ్రామసభలో చదవండి. వాడ పేరు లేని ప్రణాళికలో మన వాడల పేర్లు రాయించే పని అక్కడి నుంచే మొదలవుతుంది.