తలాపున ఓ చెక్క

హయత్‌నగర్ మొదటినుంచీ పక్క పరుచుకుని సాగిపోయేవాళ్ల ఊరు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరున 17వ శతాబ్దంలో వెలిసిన ఈ ఊళ్లో, మసీదు చుట్టూ బాటసారులకోసం సరాయి గదులు కట్టారు. మచిలీపట్నం రేవు దారిన పోయే వర్తకులు అక్కడ నడుం వాల్చి తెల్లారి బండి కట్టేవారు. ఆ దారే నేటి విజయవాడ హైవే. ఇప్పటి బాటసారులు 11 నెలల అగ్రిమెంటు మీద ఉంటారు. కొలువు కోసమో పిల్లల చదువు కోసమో వచ్చి అద్దెకు దిగినవాళ్లకు గోడకు మేకు కొట్టాలన్నా ఇంటి ఓనరు ముఖమే గుర్తొస్తుంది. అలాంటి ఇంట్లో సొంతంగా చేసుకుని, ఖాళీ చేసేనాడు ట్రాలీ ఆటోలో వేసుకుపోగలిగిన వస్తువుల్లో మంచానికి తలాపున నిలబెట్టే హెడ్‌బోర్డు ఒకటి.

చలిదేశాల్లో దీని పని చల్లగాలినీ గోడ చలినీ ఆపడం. మన బాధ వేరు, కొబ్బరినూనె. రాత్రిపూట గోడకు తల ఆనించి ఫోను చూసుకునే అలవాటు ముదిరాక, ప్రతి పడకగది గోడమీదా తలంత నల్లటి మరక తేలుతోంది. ఇల్లు వదిలేనాడు ఆ మరకే రంగుల ఖర్చు పేరుతో అడ్వాన్సును కొరుకుతుంది. నులకమంచాల కాలంలో ఈ చిక్కు లేదు. వాకిట్లోనో డాబామీదనో వాల్చితే తలాపున గోడే ఉండేది కాదు. కలిగినవాళ్ల పందిరిమంచాలకు మాత్రం తరిమెన పట్టిన కోళ్లు, లతలు చెక్కిన పలకలు ఉండేవి. అవి అంతస్తు చూపడానికి. నేడు షోరూముల్లో మెత్తలు కుట్టిన హెడ్‌బోర్డులూ అందుకే, వాటి ధరా అలాగే ఉంది.

చెక్కకు ఇక్కడ కరువు లేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారం తరలించడం మొదలుపెట్టారు. అప్పటినుంచీ పండ్ల పెట్టెలు ఈ దారినే పోతున్నాయి. అటు మంగల్‌పల్లి వైపు సరుకు గోదాములు ఉండనే ఉన్నాయి. పండ్ల పెట్టెల చెక్క పలచన, మేకు దిగితే చీలిపోతుంది. గోదాముల్లో సరుకు కింద వేసే ప్యాలెట్ల చెక్క నయం. విదేశీ సరుకుతో వచ్చినవైతే వాటిమీద కంకి బొమ్మ ముద్ర ఉంటుంది. దాని పక్కన ‘హెచ్‌టీ’ అని ఉంటే పురుగు చావడానికి వేడి పట్టించిన చెక్క. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, అది పడకగదికి వద్దు. ఊడదీసిన పలకలకు మరిగే నీళ్లు పోసి బాగా ఎండబెట్టాలి, లేకుంటే నల్లుల్ని పిలిచి పక్క వేసినట్టే. పేడు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దాలి. ఇంత శ్రమ ఎందుకనుకుంటే ప్లైవుడ్ ఉంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న షీటును నిలువునా కోయిస్తే 5 అడుగుల మంచాలున్న రెండిళ్లకు సరిపోతుంది.

మెత్తదనానికి ఫోము కొననక్కర్లేదు. పాత చీరల బొంత ఒకటి మడిచి చెక్కకు చుట్టి కుడితే చాలు. పైన దిండుకు తొడిగినట్టే ఓ గలీబు. ఇదే హైవేమీద చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం నూలు దుప్పటి ఇందుకు బాగుంటుంది. నూలుకు ముందే రంగులద్ది నేస్తారు గనుక రెండువైపులా అదే నమూనా కనిపిస్తుంది, ఏ వైపు పైకి కుట్టినా ఒకటే. నూనె మరక పడితే ఉతుక్కోవచ్చు. మంచం కోళ్లకే బోల్టులతో బిగిస్తే ఓనరు గోడను ముట్టే పనే లేదు.

బల్ల చేస్తే ఊగకూడదు, కుర్చీ చేస్తే విరగకూడదు. తలాపు పలకమీద మాత్రం ఎవరూ కూర్చోరు. అర అంగుళం వంకరపోయినా దిండు కప్పేస్తుంది. వెనక వైపు ఎలా ఉన్నా గోడకు తప్ప ఎవరికీ కనపడదు. రామోజీ ఫిల్మ్‌సిటీలో 1996 నుంచీ లేస్తున్న ప్లైవుడ్ రాజమహళ్లకూ ముందువైపే కదా అందం! చేయి తిరగనివాళ్లు తొలిసారి రంపం పట్టడానికి ఇంతకంటే ఓర్పున్న వస్తువు దొరకదు. నులక వదులైతే ఇంట్లోవాళ్లే కాళ్లవైపు తాడు లాగి బిగించుకున్న రోజులు మరీ పాతవేం కావు. ఇప్పుడు మంచం ముక్కలుగా అట్టపెట్టెలో వస్తోంది, బిగించే మనిషీ దుకాణం నుంచే వస్తున్నాడు. మనం పడుకునే మంచానికి మనం చేసేది దుప్పటి దులపడమే!

ఓ సెలవురోజు ఈ పని పెట్టుకుంటే కొంత డబ్బు మిగలొచ్చు, అరచేతిలో ఓ బొబ్బ తేలనూవచ్చు. గీత గీసుకున్నచోటే రంపం పోవడం ఎంత కష్టమో మాత్రం తెలిసొస్తుంది. అది తెలిసినవాళ్లు ఆ తర్వాత తలుపు సరిచేయడానికి వచ్చిన వడ్రంగితో కూలి దగ్గర అంత గట్టిగా బేరమాడలేరు.