మందుకు పరీక్షలున్నాయి... మరి ఫ్లైఓవర్‌కు?

కొత్త మందు ఏదైనా మీ చేతికి రావాలంటే ఎన్నో పరీక్షలు దాటాలి. ముందు జంతువుల మీద, తర్వాత కొద్దిమంది వాలంటీర్ల మీద, ఆపైన ఇంకా ఎక్కువ మంది మీద వాడి చూస్తారు. మేలెంత, దుష్ప్రభావాలేమిటన్నది తేలాకే అనుమతి. మరి మీ కాలనీ ముందు ఫ్లైఓవర్ కట్టేటప్పుడు, ఓ బస్సు రూటు ఎత్తేసేటప్పుడు ఇలాంటి పరీక్ష ఏదైనా జరుగుతోందా?

ఈ నిర్ణయాలూ మన ఒంటి మీద పనిచేసేవే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 32,825 మంది పాదచారులు. దాదాపు 45 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. పొగ వల్ల వచ్చే ఆయాసం, నడక తగ్గడం వల్ల పెరిగే షుగరు ఈ లెక్కలోకి రావు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి నుంచి జులై దాకా నగరం నడిబొడ్డుకు వచ్చే వాహనాలపై ప్రయోగాత్మకంగా రుసుము వేశారు. వాహనాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. గాలి మెరుగుపడిందని, చిన్నపిల్లల్లో తీవ్రమైన ఆస్తమా దాడులు తగ్గాయని తర్వాత పరిశోధకులు తేల్చారు. మొదట వద్దన్న నగరవాసులే ఆ సెప్టెంబరులో ఓటేసి ‘ఉండనివ్వండి’ అన్నారు.

రుసుము నచ్చకపోతే ఎత్తేయొచ్చు. ఫ్లైఓవర్‌ను అలా తీసేయలేం. అందుకే కట్టకముందే కంప్యూటర్‌లో పరీక్షించే పద్ధతి వచ్చింది. దాని పేరు ‘ఏజెంట్ బేస్డ్ మోడల్’. ఇక్కడ ఏజెంటు అంటే సొంతంగా నిర్ణయం తీసుకునే కల్పిత మనిషి. జనాభా లెక్కలు, ప్రయాణ సర్వేల ఆధారంగా ఒక నగరాన్నే కంప్యూటర్‌లో తయారుచేస్తారు. పిల్లాడిని స్కూల్లో దించి ఆఫీసుకెళ్లే తల్లి, బీపీ మాత్రల కోసం బస్సులో ఆస్పత్రికి వచ్చే పెద్దాయన... ఎవరి దినచర్య వారిదే. ఇవాళ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవారు రేపు మరో దారో, మరో సమయమో, బస్సో చూసుకుంటారు. అలా ఒకే రోజును పదేపదే నడిపిస్తే చివరికి ఎవరు ఎలా సర్దుకుంటారో తెలుస్తుంది. ఫ్లైఓవర్ వేసి చూడొచ్చు, తీసి చూడొచ్చు. బస్సులు రెట్టింపు చేసీ చూడొచ్చు.

వాహనాలు లెక్కపెట్టి సగటు తీస్తే చాలదా అంటారేమో. వార్డులో సగటు జ్వరం 99 డిగ్రీలని చెబితే, 104తో వణుకుతున్న పిల్లాడు మీకు కనబడడు. రోడ్డు మీదా అంతే. కారుకు పది నిమిషాలు కలిసొచ్చిన చోటే, రోడ్డు దాటలేక బస్టాప్‌కు వెళ్లడం మానేసిన అవ్వ ఉండొచ్చు.

ఈ పద్ధతి వైద్యానికీ అక్కరకొచ్చింది. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల రవాణా కోసం తయారుచేసిన మోడల్‌తో, పోర్ట్‌లాండ్ నగరంలో మశూచి పాకితే ఏమవుతుందో 2004లో అంచనా వేశారు. 2020లో బెర్లిన్ పరిశోధకులు తమ ట్రాఫిక్ మోడల్‌తోనే కరోనా వ్యాప్తిని లెక్కగట్టారు. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు, ఎవరి పక్కన ఉన్నారన్నది తెలిస్తే ట్రాఫిక్‌నే కాదు, రోగాన్నీ అంచనా వేయొచ్చు.

అయితే మోడల్ జోస్యం కాదు. మనం ఏ సమాచారం ఇస్తే దాన్నిబట్టే చెబుతుంది. సర్వేలో ఇంటి యజమాని ఆఫీసు ప్రయాణం ఒక్కటే రాసుకుంటే, ఇల్లాలు కూరగాయలకు వెళ్లే నడక, పనమ్మాయి మూడిళ్లు తిరిగే నడక, పిల్లల సైకిలు అందులో ఉండవు. లెక్కలో లేని మనిషికి ఫుట్‌పాత్ కూడా ఉండదు.

అందుకే ప్రయాణ సర్వే కోసం ఎవరైనా మీ ఇంటికొస్తే తలుపు దగ్గరే పంపేయకండి. ఇంట్లో అందరి ప్రయాణాలూ, నడకతో సహా చెప్పండి. కొత్త రోడ్డు ప్రాజెక్టు గురించి కాలనీ సమావేశంలో మాట వస్తే ‘ఎన్ని నిమిషాలు ఆదా?’ అని అడిగి ఆగిపోవద్దు. నడిచేవారు ఎక్కడ దాటాలి? స్కూలు దగ్గర పొగ పెరుగుతుందా? ఎంతమంది బస్సు మాని బైకెక్కుతారు? ఇవన్నీ ముందే పరీక్షించారా? మందు చీటీ తీసుకుంటూ ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయా డాక్టర్?’ అని మీరు అడుగుతారు కదా. రోడ్డు విషయంలోనూ ఆ ప్రశ్న వేయడం మీ హక్కు.