పుస్తకం లెక్క కాదు... మీ చేతి లెక్క!

అశోక్‌నగర్‌లో అమ్మమ్మ, అమెరికాలో మూడేళ్ల మనవడు. చిక్కడపల్లి, నారాయణగూడల్లోనూ ఇలాంటి ఇళ్లకు లోటు లేదు. పిల్లాణ్ని పిలిచి తొడిగి చూసే వీల్లేదు. మరి ఇక్కడ అల్లిన స్వెట్టర్ అక్కడ సరిపోవాలంటే?

చాలామంది పుస్తకంలో ఉన్నన్ని కుట్లే సూదికి ఎక్కించేస్తారు. చిక్కంతా అక్కడే! ఆ అంకె రాసినవారి ఊలుకు, సూదికి, చేతి బిగువుకు సరిపోయేది. హైదరాబాద్ చలికి పల్చటి ఊలు చాలు. చికాగోకు మందంగా ఉండాలి. ఊలు మారితే లెక్కా మారుతుంది.

ముందుగా అదే ఊలు, అవే సూదులతో 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లండి. ఉతికి, సాగదీయకుండా ఆరబెట్టండి. అంచులు వదిలి, మధ్యలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో చూడండి. అర కుట్టునూ వదలొద్దు.

బాబు ఛాతీ 55 సెంటీమీటర్లు అనుకుందాం. వదులుకు 5 కలిపితే 60. పదికి 22 కుట్ల చొప్పున పుస్తకం 132 వేయమంటుంది. మీ ముక్కలో 20 వస్తే 120 చాలు. 132 వేశారో, స్వెట్టర్ 66 సెంటీమీటర్లవుతుంది! ముందు, వెనక భాగాలు విడిగా అల్లితే చెరో 60. కలిపి కుట్టేందుకు రెండంచులకూ ఒక్కోటి చేర్చి 62 వేసుకోవాలి. పొడవుకు వరసల లెక్కా ఇంతే.

ముక్క అల్లడానికి ఓ సాయంత్రం పడుతుంది. దండగనుకుంటే, నెల రోజుల అల్లిక విప్పాల్సి రావచ్చు.

అన్నట్టు, కొలత మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. పార్శిల్ చేరేసరికి మనవడు ఇంకాస్త పెరిగి ఉంటాడు!