మంచి డిస్కు ఏ సినిమాకు రావాలె?

భీవండి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, హాలీవుడ్ పాత సినిమాలకు గట్టి డబ్బాలల్ల, పుస్తకంతోని సహా డిస్కులొస్తయట. మన తెలుగుల గట్ల రావాల్సిన సినిమా ఒక్కటే చెప్పుమంటే ఏది చెప్తవు?" వెనుక సాంచెల మోత. రెండుసార్లు అడిగించుకున్న. ఈ నెల రాసేదంతా ఆ తమ్మునికి జవాబే.

ముందు ఆ డిస్కుల ముచ్చట. అమెరికాల క్రైటీరియన్ అనే కంపెనీ 1984ల ‘సిటిజన్ కేన్’, ‘కింగ్ కాంగ్’ సినిమాలతోని ఈ పని షురూ చేసింది. అప్పుడు లేజర్ డిస్కులు, ఇప్పుడు బ్లూరేలు. ఉన్నదాంట్ల మంచి రీలు వెతికి, గీతలు తీసేసి, చప్పుడు సాపు చేసి, సినిమా తీసినోళ్ళ మాటలు, చదువుకునే చిన్న పుస్తకం కలిపి ఇస్తరు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’, దాని తర్వాతి రెండు సినిమాల నెగెటివ్‌లు 1993ల లండన్‌ల అగ్గిపాలైనయి. ఆ కాలిన రీళ్ళనే ఇటలీల బొలోన్యా ఊర్ల చేతులతోని బాగుచేసి, పనికిరాని కాడ వేరే కాపీల నుంచి తెచ్చి కలిపి, 2015ల మళ్ళ జనానికి చూపిచ్చిండ్రు. సెకనుకు 24 బొమ్మలు. రెండున్నర గంటల సినిమా అంటే 2,16,000 బొమ్మలు. సాంచె ఆపి తెగిన పోగు అతికేటోళ్ళకు ఆ ఓపిక ఏందో నేను చెప్పే పని లేదు.

మనకు దొరికిందేంది? ముప్పై రూపాయల వీసీడీ. హీరోయిన్ మొఖం మీద కంపెనీ పేరు, కింద చీరల దుకాణం అడ్వర్టైజ్‌మెంటు, పాటల నడుమ కత్తిరింపులు. అట్ల చూసి చూసి, పాత సినిమా అంటే మసక బొమ్మ అని పిల్లలు అనుకుంటున్నరు. పాతది మసకగా తియ్యలేదు బిడ్డా, మనం మసకగా ఉంచినం.

చానమంది ‘మాయాబజార్’ అంటరు. గొప్ప సినిమానే, కాదన్నోడు తెలుగోడే కాదు. కానీ 1957ల వచ్చిన ఆ సినిమాకు 2010ల హైదరాబాద్ కంపెనీ రంగులద్దింది, థియేటర్లల్ల మళ్ళ ఆడింది. దానికి కావలసినోళ్ళు ఉన్నరు. (రంగులద్దుడు నాకు నచ్చలే. మార్కస్ బార్ట్లే పట్టిన తెలుపు నలుపు వెన్నెలకు పసుపెందుకు?)

‘భక్త ప్రహ్లాద’ అందామంటే అసలు మిగల్లేదు. 1932 ఫిబ్రవరి 6న మొదలు ఆడింది బొంబాయిల, కృష్ణా టాకీసుల. మన కామాటిపుర తాతలు ఎవరన్న చూసే ఉంటరు. ఆ కాలపు రీలు ఊకనే అంటుకునేది. తర్వాతొచ్చిన రీలు తేమకు పులిసి సిర్కా వాసన కొట్టి ముడుచుకపోతది. ఎండిని తీసుకునేటందుకు కూడ రీళ్ళను తూకానికి అమ్మిండ్రు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) కూడ మంచి డిస్కుకు తగినయే. రెండోది జమీందార్లకు కోపం తెచ్చి నిషేధం తిన్నది.

అయినా ఒక్కటే అన్నవు కాబట్టి నా ఓటు ‘మా భూమి’కి.

1979 నాటి సినిమా. బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ తీసిండు, అదే ఆయన మొదటి కథా చిత్రం. పెట్టుబడి పెట్టింది బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. కథ కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల మీద అల్లుకున్నది. గద్దర్ గొంగడి భుజాన ఏసుకొని యాదగిరి పాట పాడేది ఈ సినిమాలనే. కానీ నేను దీన్ని ముందు పెట్టేది పాట కోసం కాదు. ఇండ్ల రామయ్య దొర జులుం తట్టుకోలేక ఊరిడిసి సూర్యాపేట పోతడు, అటెన్క హైదరాబాద్ పోతడు. రిక్షా తొక్కుతడు, కార్మికుల సంఘంల కలుస్తడు, మళ్ళ పల్లెకొచ్చి కొట్లాడుతడు. ఇది ఎవరి కథ? సోలాపూర్ చాళ్ళల్ల, భీవండి గల్లీలల్ల ఏ ఇంట్ల అడిగినా తాత ఊరెందుకు ఇడిసిండో చెప్పే కథ. ఇక్కడ నిర్ణాల కూర్చున్నోనికి కూడ దూరం కాదు. మా బీదర్ 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రమే. నిజాం, రజాకార్లు, పోలీస్ యాక్షన్ అన్నీ మా ఇండ్లల్ల ముసలోళ్ళ నోట విన్నయే. ఆ ముసలోళ్ళు ఒక్కొక్కరే పోతున్నరు.

రెండోది నర్సింగరావే తీసిన ‘దాసి’ (1988). గడీల వెట్టి చేసే ఆడపిల్ల కథ. అర్చనకు ఉత్తమ నటి జాతీయ అవార్డు తెచ్చింది. మాటలు తక్కువ. అందుకే మసక కాపీల సగం సినిమా పోతది, ఆ పిల్ల కండ్లు కనపడకపోతే ఇగ ఏముంటది.

పైసలెవరు పెడ్తరు అంటవు. గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలేసుకొని 1976ల ‘మంథన్’ సినిమా తీపిచ్చుకున్నరు. ఆ పాల సంఘమే చెయ్యిస్తే, ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని బాగుచేసింది. 2024ల కాన్స్ పండుగల చూపిచ్చిండ్రు. మన కుల సంఘాలు, మిల్లు సంఘాలు బతుకమ్మకు, గణపతికి ఎంత చందా జమచేస్తయో నీకూ ఎరుకే. హక్కుదారుల తోని మాట్లాడాలె, మంచి రీలు యాడున్నదో పట్టుకోవాలె. పుణెల సర్కారు ఫిలిం ఆర్కైవ్ ఉన్నది. సోలాపూర్‌కు ఒక్క రాత్రి ప్రయాణం కూడ కాదు.

ఆ డిస్కుల నాకు బంగారు డబ్బా వద్దు. కింద అక్షరాలు కావాలె. ఇంగ్లీషే కాదు, కన్నడం, మరాఠీ కూడ. నిర్ణాల మా పిల్లలు కన్నడ బడికి పోతరు, సోలాపూర్ పిల్లలు మరాఠీ బడికి. ఇంట్ల తెలుగు మాట్లాడుతరు గాని ‘వెట్టి’, ‘నాగు’, ‘గడీ’ అంటే మొఖం చూస్తరు. నాగు అంటే పామనుకుంటరు, అప్పు గింజలకు వడ్డీ గింజలని తెల్వదు. డబ్బాల పుస్తకం పెడితే గసుమంటి మాటలకు అర్థాలు రాయాలె, మన ముసలోళ్ళను అడిగి.

మీ చాళిల ‘మా భూమి’ని థియేటర్ల చూసినోళ్ళు ఉంటే, యాడ చూసిండ్రో, పక్కన ఎవరున్నరో, హాలుల జనం ఏమన్నరో రాసి పంపుండ్రి. చెయ్యి తిరగకపోతే మనుమరాలితో రాయించుండ్రి. కన్నడంల రాసినా చదువుత.