పన్నెండు గెలిచినా ఇంటికే!

సినిమా కబడ్డీలో పాయింట్ల పట్టిక కనిపించదు, ఎప్పుడైనా గమనించారా? 2003లో వచ్చిన 'ఒక్కడు'లో మహేష్‌బాబు కబడ్డీ ఆటగాడే. 2010లో 'భీమిలి కబడ్డీ జట్టు'తో నాని కూత పెట్టాడు. 2021లో 'సీటీమార్' అంటూ గోపీచంద్ కోచ్ అయ్యాడు. వీళ్లలో ఎవరైనా పెన్సిలు పట్టుకుని "ఏడు పాయింట్ల లోపు తేడాతో ఓడితే మనకెంత?" అని లెక్కలేసినట్టు నాకైతే గుర్తులేదు. అలాంటి సీను పెడితే నేల టిక్కెట్టువాడు ఊరుకుంటాడా!

అసలు ఆటలో మాత్రం ఆ పెన్సిలే విలను.

2024 ప్రొ కబడ్డీ సంగతి చూడండి. పదకొండో సీజన్. మన గచ్చిబౌలిలోనే మొదలైంది. ఒక్కో జట్టుకి 22 లీగ్ మ్యాచ్‌లు. పన్నెండు జట్లలో ఆరింటికే పైకి దారి. తెలుగు టైటాన్స్ 12 గెలిచింది. యు ముంబా కూడా 12. జైపూర్ కూడా 12. కాని పట్టికలో ముంబాకి 71, జైపూర్‌కి 70, మనవాళ్లకి 66! వాళ్లిద్దరూ ఐదు, ఆరు స్థానాల్లో లోపలికి. మనవాళ్లు ఏడో స్థానంలో బయటికి.

అప్పటి లెక్క ఇదీ: గెలిస్తే 5. టై అయితే చెరి 3. ఏడు లేక అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే 1. అంతకు మించి ఓడితే సున్నా. టైటాన్స్ పదింట ఓడింది, కొద్దిలో ఓడినవాటికి 6 దక్కాయి. ముంబా, జైపూర్ ఎనిమిదేసి ఓడి, రెండేసి టై చేసుకున్నాయి. ఆ రెండు టైలకే ఆరు పాయింట్లు వచ్చి పడ్డాయి. అంతే తేడా!

మా పెద్దేముల్‌లో చాయ్ హోటల్ దగ్గర దీని మీద పెద్ద పంచాయితీయే నడిచింది. "గెలుపులు సమానం అయినంక ఇంకేం లెక్క కాకా? మనోళ్లకు అన్యాయం జేసిండ్రు" అన్నాడొకడు. పక్కవాడు ఊరుకోలేదు. "వాళ్లు ఎనిమిదే ఓడిండ్రు, మనోళ్లు పది ఓడిండ్రు. గది లెక్కకు రాదా?" అన్నాడు. టైటాన్స్ అభిమానిని కాబట్టి చెప్పడానికి బాధగానే ఉంది గాని, రెండోవాడిదే న్యాయం. టై అంటే ఓటమి కాదు కదా!

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ లెక్కలో ఒక మ్యాచ్ పది తేడాతో ముగిస్తే రెండు జట్లకీ కలిపి పంచేది 5. మూడు తేడాతో ముగిస్తే 6. టై అయినా 6. అదే నలభై నిమిషాల ఆట, అదే చెమట, మూట మాత్రం ఒక్కోసారి ఒక్కో బరువు! ఎవరూ మోసం చేయనక్కర్లేదు, సమానంగా ఆగిపోతే ఇద్దరికీ లాభమే.

ఇక చివరి కూత. స్కోరు సమానంగా ఉంది, ముప్పై సెకన్లున్నాయి. రైడరు పాయింటు తెస్తే జట్టుకి 3 బదులు 5. దొరికిపోతే 3 బదులు 1. వస్తే రెండు, పోతే రెండు. ఏడుగురు ఎదురుగా నిలబడితే ఏ తెలివైనవాడు తెగిస్తాడు? గీత దాటి, అటూ ఇటూ తిరిగి, ఉత్త చేతులతో వచ్చేస్తాడు. క్లైమాక్స్ అక్కడే ఫట్! ఫుట్‌బాల్ వాళ్లు ఈ జబ్బు ముందే కనిపెట్టారు. 1981లో ఇంగ్లండు లీగులో గెలుపుకి 2 తీసి 3 చేశారు. 1994లో ప్రపంచ కప్పుకీ అదే వచ్చింది. డ్రాకి 1 గనక, తెగిస్తే రెండొస్తాయి, పోతే ఒక్కటే పోతుంది.

"రూలు ముందే తెలుసుగా, ఏడుపెందుకు?" అనేవాళ్లుంటారు. 1988 ఫార్ములా వన్‌లో ప్రోస్ట్‌కి మొత్తం 105, సెన్నాకి 94. కాని ఒక్కొక్కరి పదకొండు మంచి ఫలితాలే లెక్కలోకి రావాలని రూలు. దాంతో 87కి 90 అయి సెన్నా ఛాంపియన్ అయ్యాడు. రూలు అందరికీ తెలిసిందే. అయినా ఆ చర్చ ఇప్పటికీ చల్లారలేదు!

2025లో ప్రొ కబడ్డీవాళ్లు పట్టిక మార్చేశారు. గెలుపుకి 2, ఓటమికి 0. టై అయితే చెరి ఐదు రైడ్లు, అప్పటికీ తేలకపోతే గోల్డెన్ రైడ్. సినిమావాళ్లు దగ్గరుండి రాయించినట్టుంది! ఆ ఏడు టైటాన్స్ ప్లేఆఫ్ దాకా వచ్చింది, రెండో క్వాలిఫయర్‌లో పుణేరి పల్టన్ చేతిలో ఓడింది.

కాని పాత లెక్కలోని ఆ ఒక్క పాయింటు పోయినందుకు నాకు దిగులే. తొమ్మిది వెనకబడిన జట్టు ఆఖరి నిమిషంలోనూ ప్రాణం పెట్టి ఆడిందంటే దానికోసమే. ఇప్పుడు గోల్డెన్ రైడ్‌లో ఓడినా, ముప్పై తేడాతో ఓడినా ఒకటే సున్నా. ఇదేం న్యాయం?

ఐస్ హాకీ ప్రపంచ పోటీల్లో ఒక పద్ధతుంది. మామూలు సమయంలో గెలిస్తే 3, అదనపు ఆటలో గెలిస్తే 2, అందులో ఓడితే 1, మామూలుగా ఓడితే 0. ఎలా ముగిసినా మూట బరువు మూడే! చాయ్ హోటల్ కుర్రాళ్లు పండక్కి నాలుగు ఊళ్ల జట్లతో పోటీలు పెడతామంటే ఇదే రాసిచ్చాను.

"రెండు జట్లు గప్పుడు గూడ సమానమైతే?" అన్నాడు ఆ మొదటివాడు.

"ఆ రెండింటి మధ్య ఆటలో ఎవరు గెలిచారో చూడండ్రా" అన్నాను.

"గదీ టై అయితే?"

గోల్డెన్ రైడ్ ఉండగా టై ఎక్కడిదిరా నాయనా!