నాన్నకి 85 డెసిబెళ్ళు, పాపాయికి ఎన్ని?

సొహార్ రిఫైనరీలోనో, ఫహూద్ చమురు క్షేత్రంలోనో, రుసైల్ ఫ్యాక్టరీల్లోనో పనిచేసే మన తెలుగు ఇంజనీర్లని అడగండి. మోత ఎక్కువున్న చోట చెవులకి మఫ్‌లు లేకుండా అడుగు పెట్టనివ్వరు. సేఫ్టీ ఆఫీసరు మంచివాడు కాబట్టి కాదు, చట్టం ఉంది కాబట్టి. 1994లోనే ఒమన్ ప్రభుత్వం 80/94 నంబరు మంత్రిత్వ నిర్ణయంతో పనిచేసే చోట శబ్దానికి 85 డెసిబెళ్ళ హద్దు గీసింది. బయటి పరిసరాల మోత కోసం 79/94 అని ఇంకొకటి తెచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట! ఇది మెచ్చుకోవలసిన సంగతే.

మరి అదే ఇంజనీరు గారు సాయంత్రం రువిలో ఓ కొట్టుకెళ్ళి, రెండేళ్ళ పాపకి సైరన్ మోగే పోలీసు కారు కొంటారు. ఆ కారు ఎన్ని డెసిబెళ్ళు అరుస్తుంది? పెట్టె తిప్పి తిప్పి చూసినా దొరకదు. ఎన్ని బ్యాటరీలు కావాలో ఉంటుంది, ఏ దేశంలో తయారైందో ఉంటుంది, ఎన్నేళ్ళ పిల్లలకో ఉంటుంది. శబ్దం అంకె మాత్రం ఉండదు.

"బొమ్మలకి చట్టం లేదా?" అని అడుగుతారేమో. లేకేం, భేషుగ్గా ఉంది. గల్ఫ్ ప్రమాణాల సంస్థ చేసిన బొమ్మల సాంకేతిక నిబంధన 2014 నుంచి ఒమన్‌తో సహా గల్ఫ్ దేశాల్లో అమల్లో ఉంది. ప్రతి బొమ్మ మీదా 'జి' గుర్తు ఉండాలి. ఈ నిబంధనకి వరవడి యూరప్ వారి 2009 నాటి బొమ్మల భద్రతా నిర్దేశం. శబ్దం చేసే బొమ్మ పిల్లల వినికిడికి హాని చెయ్యకూడదు అన్నది అందులోని సూత్రం. సూత్రం బంగారం లాంటిదే. పేచీ అంతా కొలిచే తీరులోనూ, చెప్పే తీరులోనూ ఉంది.

ముందు కొలత సంగతి. అమెరికా ప్రమాణాన్నే తీసుకోండి. మామూలు బొమ్మ నిరంతరంగా చేసే శబ్దం 50 సెంటీమీటర్ల దూరంలో 85 డెసిబెళ్ళు దాటకూడదు. అయ్యా, ఏ పసివాడు బొమ్మని అర మీటరు దూరంలో పెట్టుకుని ఆడతాడు? వాడి చెయ్యే అంత పొడవుండదు! ఒళ్ళో పెట్టుకుంటాడు, బుగ్గకి ఆనించుకుంటాడు, స్పీకరు ఎక్కడుందో వెతికి మరీ చెవికి పెట్టుకుంటాడు. దూరం సగమైతే శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుందని ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. 50 సెంటీమీటర్ల దగ్గర 85 అంటే 25 దగ్గర 91, పన్నెండున్నర దగ్గర 97. కార్మికుల భద్రతకి అమెరికా పరిశోధన సంస్థ నియోష్ చెప్పే లెక్క ప్రకారం 85లో 8 గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 97 దగ్గర పెద్దవాడికైనా అరగంటే. అంటే పరీక్షలో నూటికి నూరు పాసైన బొమ్మే, పిల్లవాడి చేతిలోకి వచ్చేసరికి మఫ్‌లు పెట్టుకోవలసిన యంత్రం అవుతుంది.

పోనీ పిల్లల చెవులు పెద్దవాళ్ళ చెవులకన్నా గట్టివా? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంఘం కలిసి 2018లో పాటలు వినే పరికరాలకి ఒక ప్రమాణం పెట్టాయి. వారానికి 40 గంటల లెక్కన పెద్దలకి 80 డెసిబెళ్ళు, పిల్లలకి 75. పిల్లల హద్దు తక్కువుండాలని ఫోన్ల విషయంలో ఒప్పుకున్న ప్రపంచం బొమ్మల దగ్గరకి వచ్చేసరికి మొహం తిప్పుకుంటే ఎలా? లోపలి చెవిలో ఉండే రోమకణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. మోకాలు దోక్కుపోతే పిల్లవాడు ఏడుస్తాడు, చెవి పాడైతే వాడికే తెలియదు.

ఇక వచ్చే వాదన మనకి కంఠతా వచ్చు. "ప్రతిదానికీ సర్కారేనా? తల్లిదండ్రులు చూసుకోరా?" చూసుకుంటారు, అంకె చెబితే. రంగులో సీసం ఎంతుందో కంటితో చూసి చెప్పలేనట్టే, హోరుగా ఉన్న కొట్టులో మీట నొక్కి చూసి ఇది 80 అనీ ఇది 95 అనీ ఎవరూ చెప్పలేరు. సమాచారం దాచిపెట్టి బాధ్యత అప్పగించడం దబాయింపు. "స్పీకరు మీద టేపు అంటించండి" అనే వాళ్ళకి ఒకటే ప్రశ్న: ఆ పని ఫ్యాక్టరీలో ఎందుకు జరగకూడదు? శబ్దం తగ్గించడానికి కావలసింది ఒక చిన్న రెసిస్టరు, లేదా రెండు స్థాయిల స్విచ్చి. దానికే తయారీదారు దివాలా తీస్తాడా?

ఇండియా సంగతీ చూద్దాం. 2020 నాటి బొమ్మల నాణ్యతా ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దిగుమతి సరుకైనా ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వారికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు. అది న్యాయమే, ఏటికొప్పాక గిలక్కాయ వల్ల చెవుడొచ్చిన వాడు లేడు. కానీ సెలవులకి ఊరెళ్తూ మనం సూట్‌కేసులో కుక్కుకెళ్ళే బొమ్మలకి ఆ గుర్తు ఎక్కడిది? మేనల్లుడికి ప్రేమగా మోసుకెళ్ళే మోతకి జవాబుదారీ మనమే.

అడగవలసినవి నాలుగే. ఒకటి, పెట్టె మీద డెసిబెళ్ళ అంకె, కొలిచిన దూరం అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ ముద్రించాలి. రెండు, పిల్లవాడు నిజంగా ఆడే దూరంలో కొలవాలి. మూడు, మూడేళ్ళ లోపు పిల్లల బ్యాటరీ బొమ్మలకి శబ్దం తగ్గించే స్విచ్చి తప్పనిసరి చెయ్యాలి. నాలుగు, బొమ్మలు జోరుగా అమ్ముడుపోయే ఈద్ ముందూ, రంజాన్ నడిమి కరన్‌కషూ ముందూ అంగళ్ళలో నమూనాలు తీసి పరీక్షించి, ఫలితాలు పేర్లతో ప్రకటించాలి.

"మనం పరాయి దేశంలో ఉన్నాం, మనకెందుకండీ" అంటారు కొందరు. మనకి ఇక్కడ ఓటు లేని మాట నిజం. కానీ 66/2014 రాజశాసనంతో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం కొన్నవాడి పాస్‌పోర్టు రంగు అడగదు. 'జి' గుర్తు లేని బొమ్మ కనబడితే వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఫిర్యాదు చెయ్యండి. గుర్తు ఉండి కూడా చెవులు చిల్లులు పడేలా అరిస్తే కొట్టువాడికి వాపసు ఇచ్చి, కారణం కాగితం మీద రాసివ్వండి. ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగం వంటి వేదికల్లో డాక్టర్లున్నారు, సేఫ్టీ ఇంజనీర్లున్నారు, శబ్దం కొలిచే మీటర్లు వాడిన చేతులున్నాయి. పది బొమ్మలు కొని, పది కొలతలు రాసి, వాణిజ్య మంత్రిత్వ శాఖకి ఒక నివేదిక ఇవ్వడానికి ఒక శుక్రవారం చాలు. ఫ్యాక్టరీలో మన చెవుల కోసం చట్టం ఉందని ఇన్నాళ్ళూ ధీమాగా ఉన్నాం. అడగడం చేతకాని పిల్లల తరఫున ఈసారి మనమే అడగాలి.